అరసున్నకు గురువు పడినప్పుడు: పద్య ఎడిటరును సరిచేసిన నా అనుభవం

తిరుపతిలో సాయంకాలాలు పద్యరచన నేర్పే ఒక చిన్న తరగతి కోసం, బ్రౌజరులోనే పనిచేసే ఒక ఎడిటరును చూసుకునే బాధ్యత కొంతకాలంగా నా మీద ఉంది. విద్యార్థి పద్యపాదాన్ని టైపు చేస్తూ ఉండగానే లఘువులు నీలంగాను, గురువులు ఎర్రగాను కనిపించాలి. గణం ముగిసిన చోట సన్నని నిలువు గీత పడాలి. యతిస్థానంలో ఉన్న అక్షరం కింద గీత రావాలి. ప్రోగ్రాములు రాసేవాళ్ల ఎడిటర్లలో కీవర్డులకు ఒక రంగు, కామెంట్లకు మరొక రంగు వచ్చే ఏర్పాటునే ఇక్కడ ఛందస్సుకు మళ్లించారు. మొదలుపెట్టినవాళ్లు ఇంజినీరింగ్ విద్యార్థులు. చదువు ముగించుకొని వాళ్లు బెంగళూరుకు, చెన్నైకి వెళ్లిపోయిన తరువాత ఆ కోడు నా దగ్గరకు వచ్చింది. దానికి పునాది కోడ్‌మిర్రర్, 2022లో విడుదలైన ఆరో వెర్షను. బ్రౌజరులో ఎడిటర్లు కట్టుకోవడానికి వాడే సిద్ధమైన కోడు అది. పునాదిలో లోపం లేదు. ఇబ్బందులన్నీ దాని మీద కట్టిన తెలుగు భాగంలోనే వచ్చాయి.

ఇలాంటి చోట రంగు తప్పితే ఛందస్సు నియమాన్ని ఎవరో తప్పుగా రాశారని ముందుగా అనిపిస్తుంది. కాని రంగు కంటికి చేరేలోపు మూడు పనులు జరుగుతాయి. పాదాన్ని అక్షరాలుగా విడగొట్టడం మొదటిది. ఒక్కొక్క అక్షరం లఘువో గురువో తేల్చడం రెండవది. ఎన్నో స్థానం నుంచి ఎన్నో స్థానం దాకా ఏ రంగు వేయాలో కోడ్‌మిర్రర్‌కు చెప్పడం మూడవది. ఆ చెప్పేదాన్ని అక్కడ డెకరేషన్ అంటారు. ఈ మూడింటిలో ఎక్కడ పొరపాటు జరిగినా తెర మీద కనబడేది ఒక్కటే, నీలం ఉండవలసిన చోట ఎరుపు. అందుచేత ఏ నియమాన్నీ ముట్టుకోకముందే ఎడిటరు కింద ఒక ప్యానెల్ చేర్చాను. కర్సరు ఉన్న పాదాన్ని అది మూడు వరుసల్లో చూపుతుంది: నిలువు గీతలతో విడదీసిన అక్షరాలు, వాటి కింద గ, ల గుర్తులు, అట్టడుగున ఒక్కొక్క అక్షరంలో దాగిన యూనికోడ్ సంఖ్యలు, అంటే కంప్యూటరులో ఒక్కొక్క గుర్తుకు కేటాయించిన సంఖ్యలు. బ్రౌజరు కన్సోల్ ఆ సంఖ్యలను దశాంశంలోనే ఇస్తుంది కాబట్టి అలాగే ఉంచాను. తెలుగుకు కేటాయించిన సంఖ్యలు 3072 నుంచి 3199 వరకు.

పరీక్షకు మన ఊళ్ల పేర్లే చాలినంత పనికి వచ్చాయి. తిరుపతి నాలుగూ లఘువులే, అంటే నలం. చిత్తూరు గగల, తగణం. చంద్రగిరి గలలల. శ్రీకాళహస్తి గగలగల. సంయుక్తాక్షరం పదం మొదట, నడుమ, చివర ఉన్న పేర్లు, అసలు లేనివి, అన్నీ ఈ చుట్టుపక్కలే దొరుకుతాయి.

మొదట వచ్చిన ఫిర్యాదు విచిత్రమైనది. ఒకే పద్యానికి నా ల్యాప్‌టాప్‌లో ఒక రకంగా, తరగతి గదిలోని పాత కంప్యూటరులో మరొక రకంగా రంగులు వస్తున్నాయి. కోడు ఒక్కటే, పద్యం ఒక్కటే. రెండు చోట్లా ప్యానెల్ తెరిచి చిత్తూరు అని టైపు చేశాను. నా దగ్గర అది చి, త్తూ, రు అని మూడుగా విడిపోయింది. అక్కడ చి, త్, తూ, రు అని నాలుగైంది. నాలుగు ముక్కలైన చోట ఆ పొల్లు త్‌ను కూడా ప్రోగ్రాము ఒక అక్షరంగా లెక్కించి, దీర్ఘం లేదు కాబట్టి లఘువు అని తేల్చి, గలగల అని చూపిస్తూ ఉంది. లఘుగురు నియమం రాసినవాళ్ల తప్పు ఇందులో లేదు. విడగొట్టే పనిని వాళ్లు బ్రౌజరులోనే ఉండే సెగ్మెంటర్ అనే సదుపాయానికి అప్పగించారు. అది యూనికోడ్ నియమాలను అనుసరిస్తుంది. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు వరుసగా వస్తే విడగొట్టకూడదనే నియమం తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకు యూనికోడ్ ప్రమాణంలో చేరింది 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 వెర్షనుతో. ఏ బ్రౌజరు ఏ కాలపు నియమాలను లోపల పెట్టుకుందో దానిని బట్టి చిత్తూరుకు అక్షరాలు మూడో నాలుగో అవుతాయన్నమాట.

పొల్లుతో ముగిసిన ముక్కను ముందున్న అక్షరానికి కలిపేస్తే సరిపోతుంది కదా అని ఆఫీసులో ఒక మిత్రుడు సూచించాడు. ఆ సూచన పైకి కనిపించినంత తేలికైనది కాదు, మొదట నన్నూ ఒప్పించింది కూడా. చి, త్ కలిస్తే గురువు, తూ గురువు, రు లఘువు. గగల సరిగ్గానే వస్తుంది. కాని శ్రీకాళహస్తిలో మొదటి శ్ వెళ్లి చేరడానికి ముందు అక్షరమే లేదు. "ఒక స్త్రీ" అన్నప్పుడు స్ వెనక్కి వెళ్లి క‌ను గురువు చేస్తుంది, అది కూడదు. అన్నిటికంటె పెద్ద చిక్కు ప్రాస. వృత్తాలలోను కందంలోను ప్రతి పాదంలో రెండవ అక్షరం ప్రాస. మొదటి పాదంలో అది ద్విత్వమైతే మిగిలిన పాదాల్లోనూ ద్విత్వమే ఉండాలి. త్తూ‌ను తూ‌గా చూసే ప్రోగ్రాము ఆ తేడాను ఎప్పటికీ పట్టుకోలేదు. లఘుగురువులు సరిపోయినంత మాత్రాన విభజన సరైనదని అనుకోకూడదు కాబట్టి సెగ్మెంటర్‌ను పూర్తిగా పక్కన పెట్టి, అక్షరం ఆకారాన్ని వర్ణించే నమూనా ఒకటి, అంటే సొంత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాసుకున్నాను.

దాని ఆకారం మాటల్లో చెప్పగలిగినంత సరళమైనదే. ఒక అచ్చు గాని, లేదా ఒక హల్లు, దాని తరువాత పొల్లూ హల్లూ జంటలు ఎన్ని ఉంటే అన్ని, ఆపైన ఉంటే ఒక గుణింతపు గుర్తు గాని. ఆ తరువాత సున్న, విసర్గ, అరసున్న ఉంటే అవి. చివరగా వెనక అచ్చు తగలని పొల్లు హల్లులు ఉంటే అవి. పొల్లు గుర్తు సంఖ్య 3149. సాఫ్ట్‌వేరు వంటి మాటల్లో పొల్లు తరువాత కంటికి కనిపించకుండా ఉండే విడదీత గుర్తు 8204ను కూడా ఇందులో చేర్చవలసి వచ్చింది. ఆ గుర్తు ఉన్నా లేకపోయినా సాఫ్ట్‌వేరు గగలమే అవుతుంది కాబట్టి రంగులో తేడా రాదు, విభజనలో మాత్రం వస్తుంది. ఈ కాలపు విద్యార్థులు సాఫ్ట్‌వేరు మీద కూడా పద్యాలు రాస్తారు కనుక ఇది ఊహించి చేసిన ముందుజాగ్రత్త కాదు.

విభజన కుదుటపడిన తరువాత అసలైన ఛందస్సు తప్పులు బయటికి వచ్చాయి. వాటిలో మొదటిదాన్ని పట్టుకున్నది తరగతి నడిపే అయ్యవారే. ఆయన పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు, అరసున్న లేకుండా పద్యం రాయనివారు. తన పద్యం టైపు చేయించుకొని తెర వైపు చూసి, "అతఁడికి అరసున్న పెడితే గురువెట్లా అవుతాది నాయనా? ముక్కుతో పలికినంత మాత్రాన బరువు పెరగదు గదా! పిల్లకాయలు ఇదే నేర్చుకుంటారు" అన్నారు. చూస్తే నిజమే. అతఁడు మూడూ లఘువులు, నగణం. ఎడిటరు నడిమి త‌ను ఎర్రగా చూపిస్తూ ఉంది. ప్యానెల్‌లో విభజన సరిగ్గానే ఉంది, తప్పు రెండవ పనిలో ఉంది. కోడులో "గురువు చేసే గుర్తులు" అని 3072 నుంచి 3075 వరకు ఉన్నవన్నీ ఒకే వరుసగా ఇచ్చేశారు. ఆ వరుసలో 3074 పూర్ణానుస్వారం, 3075 విసర్గ. ఆ రెండూ అక్షరాన్ని గురువు చేసేవే. 3073 మాత్రం అరసున్న. యూనికోడ్ పట్టికలో అవి పక్కపక్కనే ఉండడానికి కారణం లిపి వర్గీకరణ, ఛందస్సు కాదు. వరుసను తీసేసి రెండు సంఖ్యలనే విడిగా పేర్కొన్నాను. అప్పటినుంచి ఏ గుర్తునూ వరుస హద్దులతో ఇవ్వడం మానేశాను. పొడుగైనా సరే, పేరుపేరునా రాస్తాను.

రెండవది కనిపెట్టడం చాలా కష్టమైంది, ఎందుకంటే తెర మీద తప్పు ఏమీ కనిపించదు. ఒక విద్యార్థిని తాతగారి పద్యాలను తీసుకొచ్చింది. అవి ఎప్పుడో డీటీపీలో టైపు చేయించినవి, పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చినవి. అందులో కైలాసము అనే మాటలో కై నీలంగా, అంటే లఘువుగా వచ్చింది. అదే మాటను నేను పక్కన టైపు చేస్తే ఎర్రగా, సరిగ్గా గగలల అని వచ్చింది. రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టి ఎంత పెద్దవి చేసి చూసినా చుక్క తేడా లేదు. ప్యానెల్ అట్టడుగు వరుసలో తేడా దొరికింది: నేను టైపు చేసిన కై 3093, 3144, ఆమె తెచ్చిన కై 3093, 3142, 3158. అంటే ఐత్వం ఒకే గుర్తుగా కాకుండా, ఎత్వమూ దాని కింది భాగమూ రెండు ముక్కలుగా నిలవ ఉంది. తెలుగు గుణింతాలలో ఇలా రెండు ముక్కలుగా రాయడానికి యూనికోడ్ సమాన హోదా ఇచ్చినది ఈ ఐత్వం ఒక్కటే. ప్రోగ్రాము 3142 దగ్గర ఎత్వం చూసి, హ్రస్వం కదా అని లఘువు వేసి, 3158 ఏమిటో తెలియక వదిలేసింది.

దీనికి పుస్తకంలో చెప్పే మందు ఉంది. జావాస్క్రిప్ట్‌లోని నార్మలైజ్ అనే ఫంక్షనుకు పాఠాన్ని ఇస్తే రెండు ముక్కలను కలిపి ఒకే గుర్తు చేసి ఇస్తుంది. దాన్ని విశ్లేషణకు ముందు పెట్టగానే కై గురువైంది గాని ఆ పాదంలో మిగిలిన రంగులన్నీ ఒక అడుగు ఎడమకు జరిగాయి. లా‌లో ల ఎర్రగాను దీర్ఘం నీలంగాను, చివరి ము‌లో కొమ్ము ఏ రంగూ లేకుండా నల్లగాను మిగిలాయి. కారణం తేలికగానే అర్థమైంది: లెక్క వేసిన పాఠంలో కైలాసము పొడవు ఏడు, ఎడిటరులో ఉన్న పాఠంలో ఎనిమిది, ఒకదాని స్థానాలను రెండవదానికి అంటగట్టారు. అలా అక్షరం నడుమ రంగు విరిగినప్పుడు ఏమి కనిపిస్తుందనేది బ్రౌజరును బట్టి ఉంటుంది. కొన్నిటిలో గుణింతపు గుర్తు హల్లును విడిచి, చుక్కల వలయాన్ని తగిలించుకొని ఒంటరిగా నిలబడుతుంది, కొన్నిటిలో ఆకారం చెడకుండా రంగు మాత్రమే చెడుతుంది. చుక్కల వలయం కనిపిస్తే అదృష్టమనే అనుకోవాలి, తప్పు స్థానాల్లో ఉందని అది వెంటనే చెప్పేస్తుంది.

పాఠాన్నే ఎడిటరులోకి వచ్చేటప్పుడు మార్చేయవచ్చు, చాలామంది అదే చేస్తారు. రాసినవారి పాఠాన్ని వారికి చెప్పకుండా తాకడం నాకు ఇష్టం లేదు. అందువల్ల నార్మలైజ్‌ను తీసేసి, 3142 వెంట 3158 వస్తే ఆ జంటను ఐత్వంగానే చదవమని అక్షరం ఎక్స్‌ప్రెషన్‌లోనే చెప్పాను. స్థానాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, రంగులు కుదిరాయి.

పదాల హద్దు సంగతి వేరు. సంయుక్తాక్షరం తరువాతి పదం మొదట ఉంటే, రెండు పదాలూ సమాసం కానప్పుడు, ముందు పదం చివరి లఘువు లఘువుగానే ఉంటుంది. ఈ నియమం కోడులో ఉంది, చక్కగా కామెంటు కూడా రాసి ఉంది, అయినా "ఒక స్త్రీ"లో క ఎర్రగా వస్తూనే ఉంది. ఉన్న నియమం ఎందుకు పలకడం లేదో చూస్తే, పదం హద్దును గుర్తించడానికి జావాస్క్రిప్ట్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లలో ఉండే హద్దు గుర్తును వాడారు. ఆ గుర్తుకు పదమంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు, అంతే. తెలుగు అక్షరానికీ ఖాళీకీ నడుమ దానికి హద్దు కనిపించదు, యూనికోడ్ జెండా పెట్టినా కనిపించదు. ఎర్రరు రాదు, హెచ్చరిక రాదు. ఇంగ్లీషులో పరీక్షించి ఉంటే ఆ వరుస నిక్షేపంగా పనిచేసేది. దాని బదులు ఖాళీ గాని విరామచిహ్నం గాని ఉందా అని నేరుగా చూసే వరుస పెట్టాను.

మూడవ పనిలో, అంటే గీయడంలో, దొరికిన తప్పు ఒక్కటే అయినా అది అందరినీ ఎక్కువగా తికమక పెట్టింది. పేజీని కిందికి జరిపితే గణాల గీతలు మారిపోతున్నాయని ఒకబ్బాయి చెప్పినప్పుడు ముందు ఎవరూ నమ్మలేదు. చిన్న పద్యాల్లో ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆ అబ్బాయి తన ఆటవెలదులన్నీ ఒకే ఫైలులో పెట్టుకున్నాడు. అతని ఫైలు తెరిస్తే వెంటనే కనిపించింది. లఘుగురువుల రంగులు సరిగ్గానే ఉన్నాయి, గీతలు మాత్రం తప్పు చోట్ల పడుతున్నాయి, పైకి జరిపితే మళ్లీ సర్దుకుంటున్నాయి. పెద్ద ఫైలు ఇచ్చినప్పుడు కోడ్‌మిర్రర్ మొత్తాన్ని గీయదు. తెర మీద కనిపించే భాగాన్నీ దాని అంచుల్లో కొంచెమునూ మాత్రమే గీస్తుంది, వేగమంతా అందువల్లనే వస్తుంది. గణ విభజనను ఆ కనిపించే భాగం మొదటి వరుస నుంచి మొదలుపెట్టారు. ఆటవెలదిలో బేసి పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాలకు ఐదూ సూర్యగణాలే. పద్యం మొదటి పాదం పైకి వెళ్లి కనిపించకుండా పోయిన క్షణాన రెండవ పాదం మొదటిదై కూర్చుంటుంది. విశ్లేషణను గీత పని నుంచి విడదీసి, ఎడిటరు స్థితిలో భాగంగా మొత్తం పాఠం మీద, పాఠం మారినప్పుడు మాత్రమే జరిగేలా మార్చాను. కనిపించే భాగానికి పరిమితమయ్యేది ఇప్పుడు గీయడం ఒక్కటే.

ఇంతవరకు చెప్పినవి ఒప్పో తప్పో తేల్చగలిగినవి. రేఫ సంయుక్తాలు అలా తేలేవి కావు. కొన్ని మాటల్లో రేఫతో కూడిన సంయుక్తాన్ని ఊనిక లేకుండా తేల్చి పలికితే దాని ముందున్న అక్షరం లఘువుగానే ఉంటుంది. పలికే తీరు ప్రోగ్రాముకు వినిపించదు. సమాసమా కాదా అన్నదీ అంతే, ఖాళీ వదిలి రాసిన సమాసాలను ఎడిటరు గుర్తించలేదు. మాటల పట్టిక ఒకటి తయారుచేసి లోపల పెడదామా అని అయ్యవారిని అడిగాను. అక్కర్లేదని, నేర్చుకునేవాడు ఆ చోట ఆగి ఆలోచించాలని ఆయన అభిప్రాయం. అందుకని అలాంటి అక్షరాలకు ఎరుపూ నీలమూ కాకుండా బూడిద రంగు వేసి, కింద చుక్కల గీత పెట్టాను. విద్యార్థి దాని మీద నొక్కి లఘువో గురువో తానే నిర్ణయిస్తాడు. గణ విభజన ఆ నిర్ణయాన్ని బట్టి నడుస్తుంది.

ఈ బూడిద రంగు వల్ల అనుకోని ఉపయోగం ఒకటి కలిగింది. అమృతం అనే మాట లలగ, సగణం. వట్రసుడి గుణింతమే గాని సంయుక్తం కాదు కాబట్టి అ లఘువు. ఫోనులో టైపు చేసేవాళ్లు చాలామంది దాన్ని అమ్రుతం అని కొడతారు. అప్పుడు అ బూడిద రంగులోకి మారుతుంది. రంగు తప్పిందని ఫిర్యాదు తెచ్చినవాళ్లకు ప్యానెల్‌లో మృ‌కు ఉండవలసిన 3139 లేకపోవడం చూపిస్తే చాలు, దిద్దుకొని వెళ్లిపోతున్నారు.